ప్లాటినమూ - పసరుమందూ

కార్బోప్లాటిన్ ఎక్కించుకుంటున్న రోగి పొద్దున్నే నేలవేము కషాయం తాగవచ్చునా? మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మాబోటివాళ్ళకు ఇది కొత్త ప్రశ్న కాదు. ఊళ్ళో ఉన్న అమ్మకో, మేనమామకో జబ్బు తేలుతుంది. వైద్యానికి పట్నం తీసుకువస్తారు. కొడుకు చేతిలో ఆసుపత్రి చీటీ ఉంటుంది, పెద్దమ్మ చేతిలో వేరుముక్కల పొట్లం ఉంటుంది. రెండూ మేలుకోరి ఇచ్చేవే కనుక రెండూ వాడితే పోయేదేముందని అందరూ అనుకుంటారు. పైగా తిప్పతీగ రసమో, లక్ష్మణఫలమో క్యాన్సర్ మందుకంటే వేలరెట్లు శక్తిమంతమని చెప్పే సందేశాలు సెల్‌ఫోన్లలో వచ్చిపడుతూనే ఉంటాయి.

నేను వైద్యుణ్ణి కాను. ఎవరికీ మందు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఈ ప్రశ్న వెనక నూట డెబ్భై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక అధ్యాయం మన హైదరాబాదులోనే నడిచింది. ఆ చరిత్ర తెలిస్తే ప్రశ్నను సరిగా అడగడమైనా తెలుస్తుందన్న ఆశతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా లోహం సంగతి. 1845 ప్రాంతంలో మికేలే పెయ్‌రోనే అనే ఇటలీ రసాయనవేత్త ఒక పసుపుపచ్చని లవణాన్ని తయారుచేశాడు. నడుమ ఒక ప్లాటినం పరమాణువు, దానికి ఒకవైపు రెండు అమ్మోనియాలు, మరోవైపు రెండు క్లోరిన్లు. చాలాకాలం దాన్ని పెయ్‌రోనే లవణమనే పిలిచారు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకృతిని వివరించాడు. లోహాల చుట్టూ ఇతర అణువులు ఎలా కొలువుదీరుతాయో చెప్పినందుకు ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. పెయ్‌రోనే లవణం మాత్రం పాఠ్యపుస్తకాలలో ఒక ఉదాహరణగానే మిగిలిపోయింది.

1960లలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే జీవభౌతికశాస్త్రవేత్త ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. విభజన చెందుతున్న కణం లోపలి పోగుల అమరిక అయస్కాంతం చుట్టూ పేర్చుకున్న ఇనుపరజనులాగా కనిపించడంతో, విద్యుత్ క్షేత్రం కణవిభజన మీద ఏమైనా ప్రభావం చూపుతుందా అని ఆయనకు సందేహం కలిగింది. ఈ.కోలి బాక్టీరియా పెరుగుతున్న ద్రవంలో ప్లాటినం కడ్డీలు ఉంచి కరెంటు పంపాడు. బాక్టీరియా విభజన ఆగిపోయింది, కానీ పెరుగుదల ఆగలేదు. ఒక్కొక్కటీ మామూలు పొడవుకు మూడువందల రెట్ల దాకా దారాల్లా సాగింది. కారణం కరెంటు కాదని వెతగ్గా వెతగ్గా తేలింది. జడపదార్థమని నమ్మి వాడిన ప్లాటినం కడ్డీలే కొద్దికొద్దిగా కరిగి, ద్రవంలోని అమ్మోనియం లవణంతో కలిసి కొత్త సమ్మేళనాలుగా మారాయి. వాటిలో పెయ్‌రోనే లవణం ఒకటి. 1965లో తొలి వ్యాసం వెలువడింది. ఎలుకల కంతులు దీనితో కరిగిపోతున్నాయని 1969లో మరో వ్యాసం వచ్చింది. 1971లో మనుషులకు ఇవ్వడం మొదలైంది. 1978లో సిస్‌ప్లాటిన్ పేరిట అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

అది పనిచేసే తీరు ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే పసరుమందు సంగతంతా దీనిమీదే ఆధారపడి ఉంది. రక్తంలో ఉప్పు ఎక్కువ కనుక అక్కడ సిస్‌ప్లాటిన్ తన క్లోరిన్లను చాలావరకు వదలదు. కణంలోకి వెళ్ళాక ఉప్పు బాగా తగ్గుతుంది. అప్పుడు క్లోరిన్లు జారిపోయి వాటి స్థానంలో నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళను సులువుగా నెట్టేసి ప్లాటినం డి.ఎన్.ఏ.ను పట్టుకుంటుంది. ముఖ్యంగా పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్లకు గొళ్ళెం పెట్టినట్టు తగులుకుంటుంది. డి.ఎన్.ఏ. వంగిపోతుంది, నకలు తీయడం కుదరదు, కణం చచ్చిపోతుంది.

కానీ ప్లాటినానికి గ్వానిన్ కంటే ఇష్టమైనది మరొకటి ఉంది, అది గంధకం. కణాలలో గ్లూటాథయోన్ అనే గంధకం ఉన్న చిన్న అణువు పుష్కలంగా ఉంటుంది. రక్తంలోని ప్రొటీన్లలోనూ గంధకం ఉంటుంది. ఎక్కించిన మందులో చాలాభాగం దారిలోనే వీటికి చిక్కిపోతుంది. డి.ఎన్.ఏ. దాకా చేరేది చాలా స్వల్పం. మందుకు లొంగని కంతులలో కొన్ని ఈ గ్లూటాథయోన్‌ను ఎక్కువగా తయారుచేసుకునే బతికి బట్టకడతాయి.

ఇక మొక్కల సంగతి. మన పెరళ్ళలో, గుడి ఆవరణల్లో పూసే బిళ్ళగన్నేరు స్వస్థలం మడగాస్కర్. 1952లో జమైకా నుంచి దాని ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి చేతికి వచ్చాయి. అక్కడివాళ్ళు వాటిని మధుమేహానికి టీ కాచుకుని తాగేవారట. ఎలుకలలో చక్కెర తగ్గలేదు గాని తెల్లకణాలు దారుణంగా పడిపోయాయి. నోబుల్, చార్లెస్ బీర్ అన్న రసాయనవేత్తతో కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశాడు. 1960ల తొలి సంవత్సరాలలోనే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ రెండూ అంగడికి వచ్చాయి.

రెండవది హిమాలయాల పోడోఫిల్లం. హిందీలో బన్‌కక్డీ అంటారు. దాని వేరులో ఉండే పోడోఫిల్లోటాక్సిన్ పేరుకు తగ్గట్టు విషమే. తిన్నగా ఇస్తే రోగి తట్టుకోలేడు. స్విట్జర్లాండులోని శాండోజ్ కంపెనీలో వాన్ వార్ట్‌బర్గ్, స్టాహెలిన్ అనే ఇద్దరు ఆ అణువును కాస్త సవరించి, దానికి ఒక చక్కెర భాగాన్ని అతికించి 1966లో ఎటొపొసైడ్‌ను తయారుచేశారు. విచిత్రమేమంటే ఆ చిన్న మార్పుతో మందు పనితీరే మారిపోయింది. అసలు విషం కణంలోని పోగులను అడ్డుకుంటుంది. ఎటొపొసైడ్ డి.ఎన్.ఏ. చిక్కుముడులను తెంచి తిరిగి అతికే ఎంజైమును పట్టుకుని, తెంచినదాన్ని అతకనివ్వదు.

లోహమూ మొక్కా కలిసి పనిచేయడం 1974లో మొదలైంది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే యువ వైద్యుడు వృషణాల క్యాన్సర్ శరీరమంతా పాకిన జాన్ క్లీలండ్ అనే యువకుడికి సిస్‌ప్లాటిన్, విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్ కలిపి ఇచ్చాడు. ఒకటి లోహం, ఒకటి బిళ్ళగన్నేరు, మూడవది మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. అంతకుముందు ఆ దశలో బతికినవారు అరుదు. క్లీలండ్‌కు జబ్బు పూర్తిగా నయమైంది. 1987లో విన్‌బ్లాస్టిన్ స్థానంలో ఎటొపొసైడ్‌ను పెట్టి చూస్తే ఫలితం తగ్గలేదు, నరాలు, కండరాల బాధ తగ్గింది. నేటికీ ఆ జబ్బుకు అదే ప్రామాణిక చికిత్స. అండాశయ క్యాన్సర్‌లో యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్‌ను సిస్‌ప్లాటిన్‌తో కలిపితే రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 24 నెలల నుంచి 38 నెలలకు పెరిగిందని 1996లో వెలువడిన పరీక్ష తేల్చింది. కాబట్టి ప్లాటినానికీ మొక్కలకూ పొత్తు కుదరదనడం అబద్ధం. నేటి క్యాన్సర్ వైద్యంలో గొప్ప విజయాలు కొన్ని ఆ పొత్తు వల్లనే వచ్చాయి.

ఇక్కడ హైదరాబాదు ప్రవేశిస్తుంది.

1970లో భారత ప్రభుత్వం కొత్త పేటెంటు చట్టం చేసింది. 1972 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం 2005 దాకా మందు అణువుకు పేటెంటు ఉండేది కాదు, తయారుచేసే పద్ధతికే ఉండేది. కొత్త దారిలో అదే మందును తయారుచేయగల రసాయనవేత్తలకు గిరాకీ వచ్చింది. హైదరాబాదులో అలాంటివాళ్ళకు కొదవలేదు. బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఉండేది. తార్నాకలో 1944లో నిజాం ప్రభుత్వ ప్రయోగశాలగా మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989లో ఐ.ఐ.సి.టి.గా పేరు మార్చుకున్న సంస్థ ఉంది. గుంటూరులో పుట్టి పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పేరు తెచ్చుకున్న అల్లా వెంకట రామారావు గారు 1985లో దానికి సంచాలకులుగా వచ్చి పదేళ్ళు నడిపారు. అంతకు కొద్దిగా ముందే, 1984లో, ఆ పుణే ప్రయోగశాలతో కలిసి సిప్లా కంపెనీ విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్‌ల తయారీని సాధించింది. 1991లో హైదరాబాదు ఐ.ఐ.సి.టి. సహకారంతో అదే సిప్లా ఎటొపొసైడ్‌ను మన దేశంలో విడుదల చేసింది.

ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు. కానీ ఆలోచించి చూడండి. వేరు హిమాలయాలది, ఆలోచన స్విట్జర్లాండుది, మనకు అందే ధరలో తయారుచేసే దారి తార్నాకది. ఆ చక్కెర భాగాన్ని సరైన చోట, సరైన దిక్కుకు అతికించడం అంత సులువైన పని కాదు. దిక్కు తప్పితే వచ్చేది వేరే పదార్థం. 1955 నుంచి పేద రోగులను చూస్తున్న మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి వంటి చోట్ల మందు ధర అంటే ప్రాణం ధరే. 1990లో పోడోఫిల్లం మొక్కను అంతర్జాతీయ వాణిజ్యంలో నియంత్రించవలసిన జాతుల పట్టికలో చేర్చారన్న మాట కూడా మరవరాదు. అడవిలో వేరు తవ్వి తెచ్చిన కొద్దీ అడవి ఖాళీ అవుతుంది.

తార్నాకలో ఇప్పుడు మెట్రో ఎక్కితే అదే రైలు హైటెక్ సిటీలో దింపుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి దానికి ఉత్తరంగా మియాపూరులో మరో పని జరుగుతోంది. ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం చేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీని, 1993లో మియాపూరులో దాని పరిశోధన సంస్థను స్థాపించారు. ఇతరుల మందులకు కొత్త దారులు వెతకడంతో ఆగక, కొత్త మందులనే కనిపెట్టాలన్నది ఆయన కోరిక. అక్కడి పరిశోధకులు ఎంచుకున్న మొక్కలలో మన నేలవేము ఒకటి.

నేలవేములోని చేదుకు మూలం ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థం. మియాపూరు బృందం దాన్ని వేరుచేసి క్యాన్సర్ కణాల మీద పరీక్షించి 2003, 2004లలో వ్యాసాలు ప్రచురించింది. అణువును సవరించి డి.ఆర్.ఎఫ్. 3188 అనే రూపం తయారుచేసింది. అది రొమ్ము క్యాన్సర్ కణాలను విభజనకు సిద్ధం కాకముందే ఆపివేస్తున్నదని, విభజనకు అడ్డుకట్ట వేసే పి27 అనే ప్రొటీన్‌ను పెంచుతున్నదని చూపింది. కాంప్టోథెసిన్ అనే మరో మొక్క పదార్థం నుంచి తయారైన డి.ఆర్.ఎఫ్. 1042 అయితే రోగుల మీద తొలిదశ పరీక్షల దాకా వెళ్ళింది, ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. రెండూ మందుల దుకాణం దాకా రాలేదు. గాజు పళ్ళెంలో కణాన్ని చంపడానికీ మంచం మీది మనిషిని బతికించడానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. నేలవేము మీద నమ్మకంతో, తగిన డబ్బుతో, చదువుకున్న బుర్రలతో పనిచేసినవాళ్ళే ఆ దూరం దాటలేకపోయారు. కాచి వడపోసిన కషాయం దాటుతుందని దేన్ని చూసి నమ్మాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కషాయమూ ప్లాటినం మందూ ఒకే శరీరంలో కలిస్తే ఏమవుతుంది? మూడు విధాలుగా కలుసుకోవచ్చు.

మొదటిది ముఖాముఖి కలయిక. గంధకం ఉన్న అణువేదైనా ప్లాటినాన్ని పట్టుకుని పనికిరాకుండా చేయగలదు. ఇది ఊహ కాదు, వైద్యులే దీన్ని వాడుకుంటారు. సిస్‌ప్లాటిన్ వల్ల పిల్లలకు చెవుడు వస్తుంది. దాన్ని తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్ అనే గంధకపు లవణాన్ని 2022లో అమెరికాలో అనుమతించారు. అయితే దాన్ని మందు ఎక్కించడం పూర్తయిన ఆరు గంటలకు ఇస్తారు. ముందే ఇస్తే కంతిమీద పనిచేయవలసిన ప్లాటినాన్ని కూడా అది మింగేస్తుంది. పదార్థం ఒకటే, వేళ మారితే ఒకచోట రక్ష, మరోచోట చేటు. మొక్క పదార్థం మందును నేరుగా పట్టుకున్న సంగతి మరో మందు విషయంలో స్పష్టంగా తేలింది. బోర్టెజొమిబ్ అనే బోరాన్ ఉన్న మందుకు గ్రీన్ టీలోని ఈ.జి.సి.జి. తోడైతే బలం పెరుగుతుందేమోనని 2009లో కాలిఫోర్నియా పరిశోధకులు చూశారు. టీ అణువు బోరాన్‌ను పట్టుకుని మందును నిర్వీర్యం చేసింది.

రెండవది పరోక్షమైన కలయిక. పసుపులోని కర్‌క్యుమిన్ వంటి పదార్థాలు కణం రక్షణ వ్యవస్థను మేల్కొలిపి గ్లూటాథయోన్ తయారీని పెంచగలవు. ఆ రక్షణ మంచి కణానికీ అందుతుంది, చెడ్డ కణానికీ అందుతుంది. అదే కర్‌క్యుమిన్ క్యాన్సర్ కణం బతుకుతెరువుకు అవసరమైన కొన్ని సంకేతాలను అణచి, దాన్ని సిస్‌ప్లాటిన్‌కు లొంగదీస్తుందని చూపిన ప్రయోగాలూ ఎన్నో ఉన్నాయి. నేలవేము పదార్థం గ్లూటాథయోన్‌తో తానే కలిసిపోయి దాన్ని ఖర్చు చేయగలదు. ప్లాటినానికి అడ్డు తగ్గుతుందని సంతోషించబోతే, మూత్రపిండాన్ని కాపాడేదీ ఆ గ్లూటాథయోన్ అని గుర్తుకు వస్తుంది. ఏ మోతాదులో ఏది గెలుస్తుందో పళ్ళెంలోని ప్రయోగం చెప్పదు. పైగా తిన్న కర్‌క్యుమిన్‌లో రక్తానికి చేరేది అత్యల్పం. 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష, కట్టుదిట్టమైన పోలిక పరీక్షలలో కర్‌క్యుమిన్ ఒక్కదానిలోనూ నెగ్గలేదని తేల్చింది. కూరలో వేసే చిటికెడు పసుపు గురించి దిగులుపడనక్కరలేదు. దిగులంతా గ్రాముల లెక్కన మింగే గుళికల గురించే.

మూడవది నాకు అన్నిటికంటే ముఖ్యమని తోస్తుంది, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్లాటినం మందులు ప్రధానంగా మూత్రపిండాల ద్వారా పోతాయి, కాలేయపు ఎంజైములతో వాటికి పెద్దగా పని లేదు. కానీ వాటి జోడీగా ఇచ్చే ఎటొపొసైడ్, పాక్లిటాక్సెల్ కాలేయం చేతిలోనే విరుగుతాయి. మిరియాలలోని పైపెరిన్ ఆ ఎంజైములలో ఒకదాన్ని అడ్డుకుంటుంది. పసుపు గుళికలలో దాన్ని కలిపేదే అందుకు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే ఐరోపా మూలిక ఆ ఎంజైములను రెచ్చగొడుతుంది. దాన్ని వాడినవాళ్ళలో ఇరినొటెకాన్ అనే మందు క్రియాశీల రూపం రక్తంలో 42 శాతం తగ్గిందని 2002లో తేలింది. అంటే రోగి మందు తీసుకుంటూనే సగం మందు పోగొట్టుకుంటున్నాడు, ఆ సంగతి వైద్యుడికి తెలియదు. ఇక కాలేయమే దెబ్బతింటే చెప్పేదేముంది? తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. మందుల మధ్య వరుస కూడా ఎంత సున్నితమో చూడండి. సిస్‌ప్లాటిన్ ముందు ఇచ్చి పాక్లిటాక్సెల్ తరువాత ఇస్తే, రెండవది శరీరం నుంచి పోయే వేగం నాలుగోవంతు తగ్గి, తెల్లకణాలు మరింత పడిపోతున్నాయని 1991లో కనుగొన్నారు. అందుకే నేటికీ పాక్లిటాక్సెల్‌నే ముందు ఎక్కిస్తారు. మోతాదు తెలిసిన రెండు శుద్ధమైన మందుల మధ్యే ఇంత లెక్క ఉంటే, ఎంత ఉందో తెలియని కషాయానికి లెక్క ఎవరు కట్టాలి?

మొక్కది ఏదైనా మేలే చేస్తుందన్న నమ్మకం మొదటిసారి గట్టిగా దెబ్బతిన్నది ఒక తెలుగువాడి మందుల దగ్గరే. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినవారు. స్ప్రూ జబ్బుకు సోదరులను పోగొట్టుకున్నవారు. ఫోలిక్ ఆమ్లం పేరే ఆకు నుంచి వచ్చింది. 1941లో టెక్సాస్‌లో టన్నులకొద్దీ పాలకూర నుంచి దాన్ని తీశారు. స్ప్రూ రోగులకు రక్తం పట్టించే ఆ ఆకు విటమిన్ లుకేమియా పిల్లలకూ మేలు చేస్తుందనుకుని, సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఫోలిక్ సమ్మేళనాలను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. కణాలకు మేత వేసినట్టయింది. అయితే మేత ఆపితే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఫోలిక్ ఆమ్లానికి వైరి అయిన అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి ప్రయోగశాలే అందించింది. 1948లో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టింది. క్యాన్సర్ మందుల చరిత్రలో అదొక మొదలు. ఆ ఏడే సుబ్బారావు గారు కన్నుమూశారు.

దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది. ఆయుర్వేదం చెప్పిన ఆ మనిషి మూలికను నమ్మలేదనీ కాదు, గుడ్డిగా నమ్మాడనీ కాదు. ఆకులో ఏముంది, అది ఎవరికి బలం, ఎవరికి చేటు అని అడిగాడు. బిళ్ళగన్నేరు దగ్గర, పోడోఫిల్లం దగ్గర, మియాపూరు నేలవేము దగ్గర జరిగిందీ అదే. మొక్కకు మనం ఇవ్వగల గౌరవం అదేననుకుంటాను.

కనుక ఇంట్లో ఎవరికైనా ప్లాటినం మందు నడుస్తుంటే, పొట్లం కట్టి పంపిన పెద్దమ్మతో తగవులాడవద్దు. ఆమె ప్రేమను కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ పొట్లాన్ని మాత్రం ఆసుపత్రికి తీసుకువెళ్ళి వైద్యుడి బల్లమీద పెట్టండి. ఏమి వాడుతున్నారో, ఎంత వాడుతున్నారో, ఏ రోజుల్లో వాడుతున్నారో చెప్పండి. కోప్పడతారేమోనని దాచే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. ఈ రసాయనశాస్త్రమంతటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఆ దాపరికమే. మందు ముగిసి, రక్తపరీక్షలు కుదుటపడి, వైద్యుడు సరేనన్నాక కషాయం తాగడానికి కాలం ఎక్కడికీ పోదు.

ఐ.ఐ.సి.టి.లోనో, పాత ఐ.డి.పి.ఎల్.లోనో ఆ రోజులలో పనిచేసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, వారు చెప్పిన సంగతులు తెలుగులో రాసిపెట్టండి. ఎటొపొసైడ్ తయారీ గురించి తెలుగులో నాలుగు పేజీలైనా ఉండాలని నా కోరిక.